జుట్టు చివర్లు కత్తిరించాల్సిన సమయం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. నడుము దాకా జుట్టు పెంచుకోవాలని మీ కోరిక. 14 నెలలుగా కత్తెర ముట్టలేదు. వారానికోసారి స్ట్రెయిట్‌నర్ వాడుతున్నారు. ఇప్పుడు చివర్లు చేతికి గరుకుగా తగులుతున్నాయి, దువ్వెన అక్కడికి వచ్చేసరికి ఆగిపోతోంది. 3 నెలలకోసారి తప్పకుండా ట్రిమ్ చేయించుకోవాలని కొందరూ, కత్తిరిస్తే పెరిగినదంతా పోతుందని మరికొందరూ చెబుతుంటే ఏ మాట వినాలో తేలడం లేదు. ఈ రెండు సలహాలనూ వేర్వేరు కాలాల్లో నమ్మి, రెండింటివల్లా జుట్టు పోగొట్టుకున్నదాన్ని కనుక కాస్త వివరంగానే రాస్తాను. నెలలు లెక్కపెట్టి తీసుకోవలసిన నిర్ణయం కాదిది. కుదుళ్ల దగ్గర జుట్టు పెరిగే వేగం ఎక్కువగా ఉందా, చివర్ల నుంచి అది విరిగిపోయే వేగం ఎక్కువగా ఉందా అన్నది తెలిస్తే, కత్తిరించాలా వద్దా అన్నదానికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

నాకు ఈ సంగతి తెలిసిన తీరు చెబుతాను. ఒకప్పుడు రెండున్నరేళ్లపాటు నేను జుట్టు కత్తిరించలేదు. వీపు మధ్య వరకూ బాగానే పెరిగింది, ఆ తరువాత అక్కడే నిలిచిపోయింది. ఇక నా జుట్టు పెరిగేది ఇంతేనేమో అనుకున్నాను. అయితే ఆ రోజుల్లో నేను జుట్టుకు రంగు వేసుకునేదాన్ని. రంగు వేసిన నెల తరువాత పాపిట దగ్గర సుమారు ఒక సెంటీమీటరు మేర అసలు రంగు కనిపించేది, రెండు నెలలకు రెండు సెంటీమీటర్లు కనిపించేది. అంటే జుట్టు పెరగడం ఆగలేదు. పైన నెలకు ఒక సెంటీమీటరు వస్తున్నా కింద కొలత మారడం లేదంటే, అంతే జుట్టు చివర్ల నుంచి నాకు తెలియకుండా రాలిపోతున్నట్టే కదా. పొడవు కోసం కత్తెరను దూరం పెట్టిన నేను, ఆ పొడవును రోజూ దువ్వెన పళ్ల మధ్య పోగొట్టుకుంటున్నానని అర్థమైన రోజు నిజంగా బాధ కలిగింది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మీ చివర్లను ఏ దృష్టితో చూడాలో తెలుస్తుంది. చర్మం బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలు ఉండవు. అది కెరాటిన్ అనే ప్రోటీనుతో అల్లిన పోగు. దాని పైన క్యూటికల్ అనే పలచని పొలుసుల కవచం, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా, ఒకదాని మీదికి మరొకటి వచ్చేట్టు పరుచుకుని ఉంటుంది. దువ్వినా, రుద్దినా, వేడి తగిలినా, రంగు వేసినా ఆ పొలుసులు కొద్దికొద్దిగా లేచి ఊడిపోతాయి. అవి పూర్తిగా పోయిన చోట లోపలి కార్టెక్స్ పోగులు విడివడతాయి, అదే మనం చిట్లడం అనుకునేది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుందనుకుంటే, 60 సెంటీమీటర్ల వెంట్రుకలో చివరి భాగం వయసు దాదాపు 5 ఏళ్లు. కుదురు దగ్గరి భాగం నిన్న మొన్నటిది. ఒకే వెంట్రుకలో ఇంత వయసు తేడా ఉన్నప్పుడు, పైభాగం ఎంత ఆరోగ్యంగా కనిపించినా చివర్ల విషయంలో అది ఏమీ చెప్పదు. ప్రాణంలేని పోగు కనుక చీలిన తరువాత తనంతట తాను అతుక్కోదు కూడా. సీరమ్‌లు, కండిషనర్లు చీలికను తాత్కాలికంగా అంటించి ఉంచగలవు, తలస్నానంతో ఆ అతుకు పోతుంది.

ఇక పరీక్ష. తలస్నానం చేసి, నూనె గాని సీరమ్ గాని రాయకుండా, పూర్తిగా ఆరిన జుట్టునే చూడాలి. తడి జుట్టు సాగుతుంది, చీలికలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, కాబట్టి తడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతాము. పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని, నల్లటి జుట్టయితే వెనుక తెల్ల కాగితం, నెరిసిన జుట్టయితే ముదురు రంగు గుడ్డ పెట్టుకుని, ఒక చిన్న పాయను వేలి చుట్టూ మడిచి కొసలు పైకి నిలిచేట్టు పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న కొస ఒకే తీరుగా ఆగిపోతుంది. చీలిన కొస ఇంగ్లీషు వై అక్షరంలా రెండుగా విడిపోతుంది, మరికొన్నిసార్లు పక్షి ఈకలా పక్కలకు పీచులు పీచులుగా రేగి ఉంటుంది. వీటన్నింటికన్నా జాగ్రత్తగా వెతకవలసింది తెల్లటి చుక్కను. వెంట్రుక మీద కొసకు రెండు మూడు సెంటీమీటర్ల పైన, ఇసుక రేణువు అతుక్కుందా అన్నట్టు ఒక చుక్క ఉంటుంది. గోటితో గీకితే రాదు. దాన్ని భూతద్దంలో చూస్తే, రెండు చిన్న కుంచెలను ఎదురెదురుగా పెట్టి ఒకదానిలోకి ఒకటి నెట్టినట్టు లోపలి పోగులు విచ్చుకుని ఉంటాయి. ఆ చోట వేలితో కొంచెం వంచగానే వెంట్రుక రెండు ముక్కలవుతుంది. నేను మొదటిసారి అలా వంచినప్పుడు చప్పుడైనా లేకుండా విరిగింది, మూడు సెంటీమీటర్ల ముక్క కాగితం మీద పడింది. అన్ని నెలలుగా నా పొడవు ఎక్కడికి పోతోందో ఆ ముక్కే చూపించింది.

ఒక్క పాయ చూసి నిర్ణయానికి రాకండి. నుదుటి పక్కన, రెండు చెవుల వెనుక, మెడ దగ్గర, ఇలా నాలుగు చోట్ల నుంచి పాయలు తీసి, ఒక్కో పాయలో ఓ 20 కొసలు చూడండి. మెడ దగ్గరి జుట్టు బట్టలకు రాసుకుని, చెవుల దగ్గరిది కళ్లద్దాల కాడలకు చిక్కుకుని ముందుగా పాడవుతుంటుంది. నేను పెట్టుకున్న లెక్క ఇది: 20 కొసల్లో రెండు మూడు చీలి ఉంటే పట్టించుకోను, ఐదారు దాటితే నెలలోపు కత్తిరిస్తాను, తెల్ల చుక్కలు ఒకటికి మించి కనిపిస్తే ఆ వారమే కత్తిరిస్తాను. ఇది శాస్త్రం చెప్పిన హద్దు కాదు, నా జుట్టుతో ఏళ్ల తరబడి మెలిగిన అనుభవంతో కుదుర్చుకున్నది. మీ జుట్టు బాగా సన్నని పోగైతే ఇంకాస్త ముందుగానే కదలడం మేలు.

మీరు రాసిన గరుకుదనం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే గరుకుగా ఉన్న ప్రతి కొసా చీలినది కాదు. కండిషనర్ బాగా పట్టించి కడిగిన తరువాత రెండు మూడు రోజులు జుట్టు మెత్తగా నిలిచి, దువ్వెన సాఫీగా దిగితే అది పొడిబారడం మాత్రమే, కత్తిరించనవసరం లేదు. కండిషనర్ పెట్టి కడిగి ఆరబెట్టిన రోజే చివరి రెండు అంగుళాల్లో మళ్లీ చిక్కులు పడితే అది చిట్లడమే. ఒకదాని చీలికలో మరొక వెంట్రుక ఇరుక్కుని ముడిపడుతుంది. ఆ ముడిని లాగిన ప్రతిసారీ చీలిక ఇంకాస్త పైకి పాకుతుంది. ఉంగరాల జుట్టువారికి మాత్రం ఈ దువ్వెన పరీక్ష సరిగా పనికిరాదు, ఆ జుట్టు ఆరోగ్యంగా ఉన్నా చిక్కుపడుతుంది. వాళ్లు కంటితో చూసినదాన్నే నమ్మడం మంచిది.

జడ కొస సన్నబడిందని భయపడి చాలామంది కత్తిరించేస్తుంటారు. వెంట్రుకలన్నీ ఒకే రోజు మొలవవు, ఒకే పొడవు ఉండవు, కాబట్టి ఎంత ఆరోగ్యంగా ఉన్న జడ అయినా కిందికి వచ్చేకొద్దీ కొంత సన్నబడుతుంది. చూడవలసింది సన్నబడిన తీరును. క్రమంగా సన్నబడితే సహజం. ఒక చోట నుంచి ఉన్నట్టుండి పలచబడి, కింద వేళ్ల మధ్య వెలుతురు కనిపించేలా ఉంటే వెంట్రుకలు విరుగుతున్నట్టు. దువ్వెనలో, నేల మీద దొరికిన వెంట్రుకలు కూడా ఈ విషయం చెబుతాయి. పొడవుగా ఉండి, ఒక కొసన తెల్లటి చిన్న గుబ్బ ఉంటే అది కుదురు నుంచి వయసు తీరి రాలిన వెంట్రుక. రోజుకు 50 నుంచి 100 వరకూ అలా రాలడం మామూలే, దానికి కత్తెరతో పనిలేదు. పొట్టిగా, గుబ్బ లేకుండా ఉన్న ముక్కలు విరిగినవి. అలాంటి ముక్కలు తెల్ల తువ్వాలు మీద రోజూ కనిపిస్తుంటే చివర్ల గురించి ఆలోచించాలి. గుబ్బ ఉన్నవే గుప్పెడు గుప్పెడుగా రాలుతున్నా, తల మీద ఎక్కడైనా మచ్చలా ఖాళీ ఏర్పడినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి.

కత్తిరిస్తే జుట్టు త్వరగా పెరుగుతుందన్న మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. పెరుగుదల చర్మం లోపలి కుదురులో జరుగుతుంది, కొసన ఏం జరిగిందో కుదురుకు తెలిసే మార్గం లేదు. క్షౌరంతో వెంట్రుకలు ఒత్తుగా మొలుస్తాయా అన్నదాన్ని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే పరీక్షించి, అలాంటిదేమీ లేదని ప్రచురించారు. కత్తిరించడం వల్ల వచ్చే లాభం ఒక్కటే, చీలిక పైకి పాకకుండా ఆగడం. చీలిక లేనప్పుడు కత్తిరిస్తే ఆ లాభమూ లేదు. 3 నెలలకోసారి అన్న నియమం నన్ను నష్టపెట్టింది ఇక్కడే: రెండున్నరేళ్ల అనుభవానికి భయపడి ఆ తరువాత ఏడాదంతా ఆ లెక్క తప్పకుండా పాటించాను, ప్రతిసారీ మూడేసి సెంటీమీటర్లు తీయించాను, పెరిగినదంతా దానికే సరిపోయింది.

కత్తిరించాలని తేలితే, మీకు కనిపించిన అన్నింటికన్నా పైనున్న చీలికకు ఒక సెంటీమీటరు పైన కత్తిరించాలి. చీలిక మీదే కత్తిరిస్తే మిగిలిన సగం మళ్లీ విచ్చుకుంటుంది. పార్లర్‌లో చెప్పేటప్పుడు "కొంచెం" అన్న మాట వాడకండి. నేను ఒకసారి "చివర్లు కొంచెం" అని చెప్పి కళ్లు మూసుకుని కూర్చున్నాను, తెరిచేసరికి ఒడిలో జానెడు జుట్టు ఉంది. అప్పటి నుంచి స్కేలు తీసుకెళ్లి, ఆరిన జుట్టు మీద వేలితో గీత చూపించి, మొదటి పాయ కత్తిరించగానే ఆపి చూపించమని అడుగుతున్నాను. ఇంట్లో చేసుకునేవారు జుట్టు కోసమే విడిగా పదునైన కత్తెర ఉంచుకోవాలి. కాగితాలు కోసే మొద్దు కత్తెర కొసను నలిపి కొత్త చీలికకు దారి తీస్తుంది. చీలికలు చెదురుమదురుగా ఉన్నవారు సన్నటి పాయను మెలితిప్పి, బయటికి పొడుచుకు వచ్చిన చీలిన కొసలను మాత్రమే ఒక్కొక్కటిగా తీసేస్తే పొడవు తగ్గదు. ఓపిక కావాలి, నాకు రెండు గంటలు పడుతుంది.

మీ విషయానికి వస్తే, వారానికోసారి వేడి తగులుతోంది, దువ్వెన కొసల దగ్గరే ఆగుతోంది కనుక తెల్ల చుక్కలు కనిపిస్తాయనే నా అనుమానం. అయినా నా అనుమానం మీద కత్తిరించకండి. ఈ వారం తలస్నానం చేసిన రోజు నాలుగు పాయలూ చూడండి. చుక్కలు ఉంటే వాటికి పైదాకా ఒకేసారి తీసేయండి, విడతలుగా తీస్తే చీలిక మీకన్నా ముందుంటుంది. లేకపోతే నుదుటి మొదలు దగ్గర నుంచి వెనుక కొస వరకూ టేపుతో కొలిచి ఆ అంకె, తేదీ రాసి పెట్టుకుని, 3 నెలల తరువాత ఆరిన జుట్టుతో అదే చోట నుంచి మళ్లీ కొలవండి. రెండున్నర, మూడు సెంటీమీటర్లు పెరిగితే కత్తెర జోలికి వెళ్లకండి. ఒక సెంటీమీటరు కూడా పెరగకపోతే చివర్ల నుంచి విరుగుతున్నట్టే, అప్పుడు పైన చెప్పిన కొలతతో కత్తిరించండి. ఈ 3 నెలలూ స్ట్రెయిట్‌నర్ వీలైనంత తగ్గించండి, తడి జుట్టు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి; లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి, ఆ చోటల్లా విరుగుతుంది.