సర్వీసింగ్ తరువాత కూడా తగ్గిన మైలేజీకి సమాధానం

సర్వీసింగ్ చేయించినా మీ పెట్రోలు కారు మైలేజీ 17 నుంచి 13 కిలోమీటర్లకు పడిపోయిందని, ఆదా కోసం పల్లంలో న్యూట్రల్‌లో వదులుతున్నానని రాశారు. ముందు ఆ అలవాటు మానండి. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఎంతో కొంత పంపవలసిందే, పైగా ఇంజన్ బ్రేకింగ్ (గేరులో ఉన్న ఇంజనే బండి వేగాన్ని అదుపు చేయడం) ఉండదు.

అయితే ఇంత తేడా ఒక్క అలవాటు వల్ల రాదు. అరగంట నడిపినా టెంపరేచర్ ముల్లు మామూలు స్థాయికి చేరకపోతే, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంటును రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకునే ఉండిపోయిందని అనుమానించాలి. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని భావించి ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు) పెట్రోలు ఎక్కువగా పంపుతూనే ఉంటుంది. బండి ఆపిన వెంటనే చక్రాల దగ్గర, తాకకుండా, చెయ్యి ఉంచి చూడండి. ఎదురెదురుగా ఉన్న ఎడమ, కుడి చక్రాలలో ఒకటే బాగా వేడెక్కితే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టే. టైర్లలో గాలి సంగతి సరేసరి. ఆక్సిజన్ సెన్సారు (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి ఈసీయూకు తెలిపే పరికరం) మార్పించే ఖర్చు వీటి తరువాతే.