మాటలు వచ్చాయి, పాఠం భాష ఇంకా రావాలి

ప్రశ్న: మేం వేరే దేశం వచ్చి ఏడాదిన్నర అయింది. మా బాబుకి పదమూడేళ్లు. ఇక్కడి భాష గడగడా మాట్లాడేస్తున్నాడు. కానీ ఒకప్పుడు క్లాసులో ముందుండేవాడు, ఇప్పుడు లెక్కలు, సైన్సులో బాగా వెనకబడ్డాడు. వచ్చే ఏడాది వృత్తి కోర్సులో చేర్చమని స్కూల్లో అంటున్నారు. ఇంట్లో కూడా ఇక్కడి భాషే మాట్లాడమన్నారు. ఏం చేయాలో తోచడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టండి. బాబుకి మార్కులు పోయిన లెక్కల పేపరు ఒకటి తీయండి. మాటల్లో ఇచ్చిన లెక్కను ఫోన్‌లో అనువాదం చేసుకుని, తెలుగులో చదివి వినిపించండి. ‘ఒక సంఖ్య రెండో సంఖ్య కంటే అయిదు తక్కువ’ లాంటి వాక్యం దగ్గరే చాలామంది పిల్లలు ఆగిపోతారు. తీసివేత రాక కాదు, దేంట్లోంచి దేన్ని తీసేయాలో కొత్త భాషలో అందక. తెలుగులో వినగానే చేసేశాడంటే, అడ్డుపడింది భాషే. ఆ కాగితం జాగ్రత్తగా దాచండి, స్కూల్లో చూపించడానికి పనికొస్తుంది. అప్పటికీ చేయలేకపోతే, దేశం మారిన హడావుడిలో కొన్ని పాఠాలు జారిపోయినట్టు. కింది క్లాసు పుస్తకంతో మొదలుపెట్టించండి.

బాగా మాట్లాడుతున్నాడు కాబట్టి భాష వచ్చేసిందని అందరూ అనుకుంటారు. కెనడాలో వలస పిల్లల చదువులపై పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ ఈ తేడాను 1979లోనే ఎత్తి చూపారు. స్నేహితులతో మాట్లాడే భాష సుమారు 2 ఏళ్లలో పట్టుబడుతుంది. పాఠ్యపుస్తకం భాషలో తోటివాళ్లను అందుకోవడానికి 5 నుంచి 7 ఏళ్లు పట్టొచ్చు. మీవాడికి ఇంకా రెండేళ్లు కూడా నిండలేదు. ఇప్పటి మార్కులు చూసి వాడి దారి తేల్చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది.

ఇంట్లో తెలుగు మాత్రం మానకండి. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో తెలుగులో అర్థమైన పిల్లాడు కొత్త భాషలో దాని పేరు, నాలుగు మాటలు నేర్చుకుంటే సరిపోతుంది. పైగా మీకే సరిగ్గా రాని భాషలో మాట్లాడితే ‘తిన్నావా, పడుకో’ దగ్గరే కబుర్లు ఆగిపోతాయి. ఆ వయసు పిల్లాడికి అమ్మతో చెప్పుకోవాల్సినవి చాలా ఉంటాయి. చదువు అనేది పిల్లల సొంత భాష మీద గౌరవం పెంచాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 29వ అధికరణలోనే ఉంది.

వృత్తి కోర్సు తక్కువదేం కాదు. వాడికి చేతిపని మీద ఇష్టముంటే సంతోషంగా పంపండి. భాష రాలేదన్న కారణంతో మాత్రం వద్దు. ఆ కోర్సు చదివాక యూనివర్సిటీకి వెళ్లే దారి ఉందా, రెండేళ్ల తర్వాత మారాలంటే ఏ సబ్జెక్టులు ఉండాలి, ఈలోగా భాష కోసం అదనపు క్లాసులు ఇస్తారా అని స్కూలు వాళ్లను అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి. పాత స్కూలు మార్కుల జాబితా అనువాదం కూడా వాళ్ల ముందు పెట్టండి. వాడు మొదటినుంచీ ఇలా లేడని వాళ్లకు తెలియాలి.

స్కూలు వాళ్లతో ఇవన్నీ మాట్లాడే మీటింగ్‌లో బాబుని దుబాసీగా కూర్చోబెట్టకండి. తన మీద వచ్చే ఫిర్యాదును తనే అమ్మకు అనువదించి చెప్పడం ఏ పిల్లాడికైనా నరకం. దుబాసీ కావాలని స్కూలుకు ముందుగానే రాసి పంపండి. చాలాచోట్ల ఉచితంగానే ఏర్పాటు చేస్తారు. కుదరదంటే భాష తెలిసిన పెద్దవాళ్లెవరినైనా వెంట తీసుకెళ్లండి.

తెలుగులో చదివి వినిపించినప్పుడు లెక్క చేశాడో లేదో నాకు తప్పకుండా రాయండి. తర్వాతి అడుగు దాన్నిబట్టే చెబుతాను.