న్యూయార్క్ – లండన్: దూరం ఒకటే అయినా ప్రయాణ సమయం ఎందుకు మారుతుంది?

న్యూయార్క్ కెనడీ విమానాశ్రయం నుంచి లండన్ హీత్రూకు దూరం సుమారు 5,540 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దాదాపు ఏడు గంటలు, తిరిగి వచ్చేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది.

ఈ తేడాకు ప్రధాన కారణం గాలి. విమానాలు ఎగిరే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి 100 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి తోడైతే నేల మీద లెక్కకు వేగం 1,000 అవుతుంది, అదే గాలి ఎదురైతే 800కు పడిపోతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల ఊపుతో ఒక బోయింగ్ 747 ఈ దూరాన్ని ఐదు గంటల లోపే దాటింది.

భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు. కానీ వాతావరణం కూడా భూమితోపాటే తిరుగుతుంది. పైగా భూమి తిరిగేది తూర్పు వైపుకు కాబట్టి, ఆ వాదనే నిజమైతే గమ్యం ఎదురొచ్చి పడమటి ప్రయాణమే త్వరగా ముగియాలి, జరిగేది అందుకు విరుద్ధం. (జెట్ స్ట్రీమ్ ఏర్పడటంలో భూభ్రమణానికి పాత్ర ఉన్న మాట మాత్రం నిజమే.)

టికెట్ మీది వేళలు కూడా తికమక పెడతాయి, ఎందుకంటే అవి ఏ ఊరి వేళ ఆ ఊరిదే. రాత్రి 7 గంటలకు న్యూయార్క్‌లో బయలుదేరి ఉదయం 7 గంటలకు లండన్ చేరితే పన్నెండు గంటలు కనిపిస్తాయి. అందులో ఐదు గంటలు కాలమండలాల తేడా.