రెండు నెలలు మాత్రలు వాడాం, ఐవీఎఫ్‌కి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. నాకు 29 ఏళ్లు, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంది. అండం విడుదలకు ఇచ్చే లెట్రోజోల్ మాత్రలు రెండు నెలలు వాడినా గర్భం రాలేదు. విశాఖ వెళ్లి నేరుగా ఐవీఎఫ్ (అండాన్ని బయట ఫలదీకరించి, పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్స) చేయించుకోమని అత్తగారి వైపువాళ్లు అంటున్నారు. మావారి జీతం 32 వేలు. డిపాజిట్ 1.8 లక్షలు, ఆరు తులాల బంగారం ఉన్నాయి. పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. రెండు నెలలకే మాత్రలు పనిచేయలేదనుకోకండి. అమెరికాలో పీసీఓఎస్ (మీరు చెప్పిన పీసీఓడీనే ఇలా కూడా అంటారు) ఉన్న 750 మందిపై చేసిన పరిశోధన 2014లో వచ్చింది. ఐదు సైకిళ్ల (నెలసరుల) వరకు లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. పాత మందు క్లోమిఫీన్‌తో అది 19.1 శాతమే. మాత్రల ఖర్చు మీ జీతానికి భారం కాదు. ఇంకెన్ని సైకిళ్లు చూడొచ్చో మీ డాక్టర్‌నే అడగండి. మీవారికి వీర్యపరీక్ష చేయించకపోతే ముందు అది చేయించండి. లోపం అటువైపు ఉంటే మీరెన్ని మందులు మింగినా డబ్బు దండగే.

ఐవీఎఫ్ దాకా వెళ్తే జేబు ఖాళీ చేసేవి అండాలు ఎక్కువగా పెరగడానికి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్లు. రోజూ చొప్పున పది రోజులు అటూఇటూగా పడతాయి, మధ్యలో రెండు మూడు రోజులకో స్కాన్. బొబ్బిలి నుంచి అన్నిసార్లు తిరగలేక విశాఖలోనే గది తీసుకోవాల్సి రావచ్చు, ఆ అద్దె కూడా లెక్కలో రాసుకోండి. ఇంజెక్షన్లలో మూత్రం నుంచి తీసినవి, ల్యాబ్‌లో తయారైనవి అని రెండు రకాలు. రెండో రకం ఖరీదెక్కువ. బిడ్డ పుట్టే అవకాశంలో మాత్రం పరిశోధనల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. “చవకది నాకు సరిపోతుందా?” అని మొహమాటపడకుండా అడగండి.

చాలా హెల్త్ పాలసీలు సంతాన చికిత్సకు డబ్బివ్వవు, దాని మీద ఆశ పెట్టుకోకండి. డిపాజిట్‌లో లక్ష రూపాయలు ముట్టుకోవద్దు, అది మీ ఇంటి మూడు నెలల తిండి, అద్దె. మిగతా 80 వేలు చాలకపోతే పర్సనల్ లోన్ కన్నా బ్యాంకులో గోల్డ్ లోన్ నయం, సాధారణంగా వడ్డీ తక్కువ. అదీ ఒక్క ఐవీఎఫ్ సైకిల్‌కి (ఒక ప్రయత్నానికి) సరిపడా మాత్రమే. మూడు సైకిళ్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టేయకండి, మొదటిసారే గర్భం నిలిస్తే మిగిలింది వెనక్కిస్తారో లేదో కాగితం మీద ఉండాలి.

ఆ కాగితంలోనే ఇంజెక్షన్లు ప్యాకేజీలో కలిశాయా, పిండాలు ఫ్రీజ్ చేస్తే ఏడాదికి ఎంత అన్నవీ రాయించుకోండి. ఫ్రీజ్ చేసిన పిండాలు మిగిలితే రెండోసారి ఆ ఖరీదైన ఇంజెక్షన్లు మళ్లీ అక్కర్లేదు, ఖర్చు బాగా తగ్గుతుంది.