చిన్నీ, లావెండర్ ఆయిల్ కొనేముందు ఇది చదువు

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన బాటిల్ ఫోటో చూశాను. హండ్రెడ్ పర్సెంట్ ప్యూర్ లావెండర్ అని పెద్దక్షరాలతో ఉంది గానీ మొక్క పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఏ దేశం సరుకో లేదు. కిలో తీసేసుకుంటా పెద్దమ్మా అన్నావు. ఆగు బిడ్డా. నాచారంలో సెంట్ల ల్యాబ్‌లో జీసీ మెషీన్, అంటే నూనెలో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చార్టు గీసే మెషీన్, దాని ముందు 26 ఏళ్లు కూర్చున్నదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

లావెండర్ అన్న పేరు మీద మార్కెట్లో మూడు రకాల నూనెలు తిరుగుతుంటాయి. అసలుది లావాండులా అంగస్టిఫోలియా అనే మొక్కది, ఫ్రాన్స్, బల్గేరియా నుంచి వస్తుంది, ఇప్పుడు మన జమ్మూ వైపు డోడా జిల్లా భదర్వాలో కూడా పండిస్తున్నారు. అందులో చాలా పదార్థాలు ఉంటాయి గానీ సగానికి పైగా రెండే, లినలూల్, లినలైల్ ఎసిటేట్. ఫ్రెంచ్ సరుకుకి ఐఎస్ఓ 3515 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్క ప్రకారం లినలూల్ 25 నుంచి 38 శాతం, లినలైల్ ఎసిటేట్ 25 నుంచి 45 శాతం ఉండాలి, కర్పూరం మాత్రం 0.5 శాతం దాటొద్దు. లినలూల్ వాసన నీకు కొత్తేం కాదు, వంటింట్లోకెళ్లి నాలుగు ధనియాలు రోట్లో నలిపి ముక్కు దగ్గర పెట్టుకో, కారంగా కాకుండా తియ్యగా పూలలాగా ఒక వాసన తగులుతుంది చూడు, అదే.

రెండోది లావాండిన్, అసలు లావెండర్‌కి, స్పైక్ లావెండర్ అనే ఇంకో జాతికి పుట్టిన హైబ్రిడ్. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే దీంట్లో కూడా ఆ రెండు పెద్ద నంబర్లు దాదాపు అలాగే ఉంటాయి, పెద్ద తేడా కర్పూరంలోనే, లావాండిన్‌లో గ్రోసో అనే రకంలో 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. బ్లాటర్ పేపర్ మీద ఒక చుక్క వేసి వెంటనే వాసన చూస్తే హారతి పళ్లెం ముందు నిలబడ్డట్టు ఉంటుంది. మూడోది స్పైక్, అందులో లినలైల్ ఎసిటేట్ 2 శాతం కూడా ఉండదు, కర్పూరంతో పాటు నీలగిరి తైలం ఘాటు కొడుతుంది, అది సినియోల్.

లావాండిన్ చెడ్డదని చెప్పట్లేదు. నువ్వు కాస్టిక్ సోడాతో కోల్డ్ ప్రాసెస్ సబ్బు చేస్తున్నావు కదా, ఆ క్షారానికి లినలైల్ ఎసిటేట్ కొంత విరిగిపోతుంది, ఖరీదైన అసలు నూనె అందులో పోయడం డబ్బు తగలేసుకోవడమే, సబ్బులకి లావాండిన్ పెట్టుకో, అసలుది బాడీ ఆయిల్‌కి, బామ్‌కి దాచుకో. కాకపోతే లావాండిన్‌ని లావాండిన్ ధరకే కొను, లేబుల్ మీద కూడా అదే రాయి.

ఇంకోటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డ్రమ్ము వచ్చింది, చార్టులో రెండు పెద్ద పీకులూ, అంటే లినలూల్, లినలైల్ ఎసిటేట్ చూపించే శిఖరాలు, రేంజిలోనే ఉన్నాయి, నేను పాస్ అని సంతకం పెట్టేశాను. కొన్నాళ్లకి కస్టమర్ వాసన ఫ్లాట్‌గా ఉందని తిప్పి పంపాడు. చార్టు మళ్లీ తీసి చూస్తే లినలూల్ దగ్గర చీమంత పీకు, డైహైడ్రోలినలూల్, ఫ్యాక్టరీలో తయారైన లినలూల్‌తో వచ్చే మలినం అది. సింథటిక్ కలిపి పెద్ద నంబర్లు సరిచేశారన్నమాట. ఆ రోజు ఏడ్చినంత పని అయింది. అందుకే చెప్తున్నా, చిన్న నంబర్లు చూడు, లావాండులైల్ ఎసిటేట్ అని నూనెలో కొంచెంగా ఉండే ఇంకో పదార్థం ఎంతుందో అడుగు, ఫ్రెంచ్ సరుకులో కనీసం 2 శాతం ఉండాలి. అనుమానంగా ఉంటే కైరల్ టెస్ట్ అడుగు, లినలూల్‌కి అద్దంలో బొమ్మలా కుడి ఎడమ రెండు రూపాలుంటాయి, అసలు లావెండర్‌లో దాదాపు అంతా ఒకటే రూపం, సింథటిక్‌లో సగం సగం.

ఈ నంబర్లన్నీ ఉండే జీసీ రిపోర్టు కూడా నీకిచ్చే బాటిల్ బ్యాచ్‌దే అయి ఉండాలి, ఎప్పుడో తీయించిన పాత పీడీఎఫ్ పంపితే ఒప్పుకోకు. బోడుప్పల్‌లో సీమ్యాప్ వాళ్ల సెంటర్ ఉంది, సుగంధ మొక్కల మీద పనిచేసేది వాళ్లే, టెస్టింగ్ సంగతి వెళ్లి కనుక్కో.

కొన్నాక అసలు జాగ్రత్త మొదలవుతుంది. గాలి తగిలితే లినలూల్ మెల్లగా హైడ్రోపెరాక్సైడ్లుగా మారుతుంది, అవే చర్మం మీద దద్దుర్లు, ఎలర్జీ తెచ్చేవి, నూనె తాజాగా ఉన్నప్పుడు ఆ బాధ చాలా తక్కువ. మన దగ్గర మే నెలలో మీ టెర్రస్ కింద గది ఎలా కాలిపోతుందో నీకు తెలుసు, అక్కడ సగం ఖాళీ డబ్బా పెడితే నూనె పాడైపోతుంది. చిన్న చిన్న బ్రౌన్ గాజు సీసాల్లోకి మూత దాకా నింపి, తెరిచిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో పెట్టు. బాడీ ఆయిల్‌లో 100 ఎంఎల్‌కి 1 ఎంఎల్ చాలు, ఎక్కువ పోస్తే వాసన పెరుగుతుందేమో గానీ చర్మానికి మంచిది కాదు.

ముందు 10 ఎంఎల్ శాంపిల్ తెప్పించు, దాని రిపోర్టు ప్రింట్ తీసుకుని ఆదివారం తార్నాక రా, నా పాత చార్టులు అలమరాలో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూద్దాం.

నీ పెద్దమ్మ