నిల్వ పచ్చడికి ఏ చెరువు చేప?

ప్రశ్న: మాది భీమవరం. పెళ్లయిన నాటి నుంచి చెన్నైలోనే ఉంటున్నాము. వంజరంతో నిల్వ పచ్చడి పెట్టే పొరుగింటావిడ దగ్గర కొలతలు రాసుకుని, కిలో చొప్పున తూగే కట్లాలు రెండు తెచ్చి పచ్చడి పెట్టాను. ముక్కలు విరిగి పొడి అయ్యాయి, సన్నముళ్లకు భయపడి పిల్లలు తినలేదు, పదో రోజుకు నూనె మీద బుడగలు కనిపించాయి. చింతాద్రిపేట మార్కెట్టులో కొరమీను ధర వింటే వెనక్కి తిరిగి రావలసి వస్తోంది. ఏ చేప కొనమంటారు? – ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: బుడగలు కట్టిన ఆ పచ్చడిని మళ్లీ వేడిచేసి వాడే ప్రయత్నం చేయకుండా ముందు పారవేయండి. వంజరం సముద్రపు చేప. దాని కండ గట్టిగా ఉంటుంది, నడిముల్లు తీసేశాక ఏరుకోవలసిన సన్నముళ్లు పెద్దగా ఉండవు. మనం బొచ్చె అనే కట్లాకూ, శీలావతి అనే రోహుకూ కండ మధ్యలో పంగలకర్రలా చీలిన ముళ్లు ఉంటాయి. కిలో చేపలో అవి వెంట్రుకల్లా ఉండి చేతికి చిక్కవు. మూడు కిలోల చేపలో అవే ముళ్లు వేలితో తడిమితే తగిలి, పట్టుకారుతో లాగితే ఊడివస్తాయి. చిన్న చేపను కొనడమే మీరు చేసిన మొదటి పొరపాటు.

కొరమీనుకు ఈ చీలికముళ్ల బెడద లేదు, కొవ్వూ తక్కువే. ఇక్కడ విరాల్ అని అడిగితే తొట్టెలో ఈదుతున్నదాన్నే తీసి ఇస్తారు, ఎందుకంటే అది పైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే చేప. పచ్చడికి దానిని మించినది లేదని ఒప్పుకుంటాను గాని, తల, పేగులు, చర్మం పోయి, వేయించినప్పుడు నీరు కూడా పోయాక, కిలో చేపలో సీసాలోకి చేరేది సగం కన్నా తక్కువే. అందువల్ల మీ వంటి ఇంటికి నా సలహా రెండున్నర, మూడు కిలోల రోహు. కట్లా బరువులో పెద్ద వాటా తలకే పోతుంది. మీ ఊరి వైపు చెరువుల నుంచి ఐసులో వచ్చిన రోహు అయినా పరవాలేదు. మొప్పలు ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవాలి. వెన్ను వైపు కండను మాత్రమే పచ్చడికి కోయించుకుని, కొవ్వున్న పొట్ట ముక్కలనూ, ముళ్లు దట్టంగా ఉండే తోకనూ, తలనూ ఆ పూట పులుసుకు ఉంచుకోండి. కొవ్వు ముక్క నిల్వలో ముందుగా కనరు వాసన వేస్తుంది.

జిలేబి అని అమ్మే తిలాపియా చవక, చీలికముళ్లూ ఉండవు; పేరు తియ్యనిదే గాని కండ పలచన, వేయిస్తే మిగిలేది తక్కువ. ఆఫ్రికా జాతి జెల్లను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. దాని పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు.

బుడగలకు కారణం చాలావరకు తడి. అంగుళం ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచితే గిన్నె అడుగున నీరు చేరుతుంది. దానిని పారబోసి, ముక్కలను గుడ్డతో అద్ది, మధ్యస్థపు మంట మీద వేయించండి. ముక్క చుట్టూ లేచే నురగ క్రమంగా తగ్గి, చిటపట సద్దుమణిగేదాకా తీయకూడదు, ఎందుకంటే ఆ నురగ ముక్కలోని నీరు ఆవిరై బయటికి వస్తున్నదే. ఇక చెరువు చేపకు ఉండే మట్టి వాసన, చెరువులోని నాచు, సూక్ష్మజీవుల వల్ల పుట్టే జియోస్మిన్ అనే పదార్థానిది. పులుపు తగిలితే అది తగ్గుతుంది.

పులుపు రుచికి మాత్రమే కాదు. నూనె కింద గాలి ఆడదు, గాలి లేని చోట పెరిగే ప్రమాదకరమైన బాక్టీరియాను అడ్డుకోవాలంటే పచ్చడి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, పులుపు పెరిగినకొద్దీ ఇది తగ్గుతుంది) 4.6 కన్నా కిందికి దిగాలి. అందుచేత శుభ్రం చేసిన కిలో ముక్కలకు పెద్ద నిమ్మకాయలు ఎనిమిదింటికి తగ్గకుండా, పచ్చడి పూర్తిగా చల్లారాక రసం పిండి కలపండి. ఆవకాయలా బయట ఉంచే పచ్చడి కాదిది. చెన్నై ఉక్కలో అసలే వద్దు. ఫ్రిజ్‌లో పెట్టి, పొడి గరిటెతో తీసుకుంటూ, నెల లోపల ముగించండి.