బాస్కెట్‌బాల్ బాగా ఆడే అమ్మాయిని ఏ కాలేజీలో చేర్చాలి?

మీ అమ్మాయి అండర్-18లో రాష్ట్ర జట్టుకు ఆడింది, ఇంటర్ పూర్తయింది. పక్క రాష్ట్రంలో ఒక డీమ్డ్ యూనివర్సిటీ ఫీజు, హాస్టల్ అన్నీ ఫ్రీ అంటోంది. హైదరాబాద్‌లో ఉస్మానియా కింద ఉన్న డిగ్రీ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. మీ ఊరి దగ్గర ఇంజినీరింగ్ ఎలాగూ ఉంది. ఈ మూడింట్లో ఏది అని అడిగారు.

నేను డిగ్రీలో ఉండగా ఉస్మానియా జట్టుకు ఆడాను. ఇప్పుడు చేస్తున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం స్పోర్ట్స్ కోటాలో వచ్చిందే. మా అక్క కూతురు ఈ మధ్యే మీరు చెప్పిన మొదటి రకం ఆఫర్ తీసుకుంది. అందుకని రెండు వైపులా ఏం జరుగుతుందో కాస్త తెలుసు.

ముందు ఒక విషయం. ఉస్మానియా లాంటి చోట మీ అమ్మాయి మొదట తన కాలేజీ తరఫున ఇంటర్ కాలేజియేట్ ఆడుతుంది. అక్కడ బాగా ఆడితే యూనివర్సిటీ సెలక్షన్స్, ఆ పైన దక్షిణాది యూనివర్సిటీల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలు. జోన్‌లో మొదటి నాలుగు జట్లే ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి వెళ్తాయి. డీమ్డ్ యూనివర్సిటీలో ఈ మెట్లు ఉండవు, క్యాంపస్ జట్టే యూనివర్సిటీ జట్టు. వినడానికి అదే సులువనిపిస్తుంది. కానీ ఆ జట్టులోని పన్నెండు మందిని నాలుగు రాష్ట్రాలు వెతికి తెచ్చుకుంటారు. మీ అమ్మాయి ఆడే పొజిషన్‌లో ఇప్పటికే జూనియర్ ఇండియా క్యాంపుకి వెళ్లొచ్చిన సీనియర్ ఉంటే రెండేళ్లు బెంచే.

ఇక్కడ నిజాయితీగా ఒకటి చెప్పాలి. కాగితం మీద చూస్తే బెంచ్ కూడా నష్టం కాదు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా నిబంధనల్లో (2013 నాటి ఉత్తర్వులు) దేశానికి ఆడినవాళ్లకి మొదటి ప్రాధాన్యం, సీనియర్ లేదా జూనియర్ నేషనల్స్‌లో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్లకి రెండోది, ఇంటర్ యూనివర్సిటీలో మొదటి మూడు స్థానాలకి మూడోది. ఆడి పతకం రానివాళ్లు చివరి వరసలో ఉంటారు. పెద్ద జట్టులో ఉంటే కోర్టులోకి దిగినా దిగకపోయినా పతకం మెడలో పడుతుంది. కానీ ఉద్యోగమిచ్చే సంస్థ ట్రయల్స్ పెడుతుంది. రెండేళ్లు మ్యాచ్ ఆడని అమ్మాయి అక్కడ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒత్తిడిలో బంతిని ఎవరికి ఇవ్వాలో ప్రాక్టీసులో రాదు. అందుకే నా ఓటు ఎప్పుడూ ఆడించే జట్టుకే.

అంటే డీమ్డ్ వద్దని కాదు. కోచ్‌నే నేరుగా అడగండి: మా అమ్మాయి పొజిషన్‌లో ఇప్పుడు ఎవరున్నారు, ఏ సంవత్సరం చదువుతున్నారు? సీనియర్ ఈ ఏడాది వెళ్లిపోతుంటే కళ్లు మూసుకుని చేర్చండి. సమాధానం దాటేస్తే అర్థం చేసుకోండి.

ఫీజు మాఫీ సంగతి మాత్రం రాతలో తీసుకోవాలి. మా అక్క కూతురికి మొదటి ఏడాది మోకాలి లిగమెంటు తెగింది. రెండో ఏడాది అడిగితే రాయితీ ఆటకి ఇచ్చింది, ఆడట్లేదు కదా అన్నారు. మిగతా ఫీజంతా అక్కా బావే కట్టారు. అది వాళ్ల రూల్ బుక్‌లోనే ఉందట, ఎవరూ చదవలేదు, వాళ్లూ చెప్పలేదు. ఈ గాయం అబ్బాయిల కంటే అమ్మాయిలకి ఎక్కువ, మళ్లీ కోర్టెక్కడానికి దాదాపు ఏడాది పడుతుంది. కాబట్టి గాయమైతే ఏంటి, సర్జరీ ఖర్చు ఎవరిది, ఫిజియో ఉన్నారా అన్నది ముందే అడగడంలో మొహమాటం వద్దు.

చేర్చే ముందు ఒకసారి చెప్పకుండా సాయంత్రం ప్రాక్టీసుకి వెళ్లి కూర్చోండి. బ్రోచర్‌లో ఉడ్ ఫ్లోర్ ఉంటుంది, రోజూ ఆడేది సిమెంట్ కోర్టు మీద. రోజూ దాని మీద దూకితే పిక్కలు, మోకాళ్లు పోతాయి. కోచ్ పూర్తి ఉద్యోగా, వారానికి రెండుసార్లు వచ్చేవారా చూడండి. హాస్టల్ మెస్ ఎన్నింటికి మూస్తారో కూడా అడగండి. నవ్వకండి, ప్రాక్టీస్ ముగిసేసరికి మెస్ మూసేసి ఉంటే రెండు గంటలు పరిగెత్తిన పిల్ల బిస్కెట్లతో పడుకుంటుంది.

ఇంజినీరింగ్ గురించి ఎక్కువ చెప్పను. ఈఏపీసెట్‌లో స్పోర్ట్స్ కోటా 0.5 శాతమే. సీటొచ్చినా ల్యాబ్‌లు, ఇంటర్నల్స్ టోర్నమెంట్లతో ఢీకొంటాయి. అమ్మాయికి ఇంజినీరింగే ఇష్టమైతే వేరే మాట. ఏ కాలేజీ అయినా పీడీ (ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్) గారు ప్రిన్సిపాల్ దగ్గర అటెండెన్స్ ఇప్పించగలిగే మనిషేనా అన్నది కనుక్కోండి. సీనియర్లని అడిగితే ఒక్క మాటలో చెప్పేస్తారు.

ఇంకో దారి మీ లిస్టులో లేదు, కేరళ. చంగనాశ్శేరిలో అసంప్షన్ కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కి పేరున్న చోటు. దక్షిణ రైల్వేకి, భారత జట్టుకి ఆడి 2014లో అర్జున అవార్డు అందుకున్న గీతు అన్నా జోస్ అక్కడే చదివింది. అది మహాత్మా గాంధీ (ఎంజీ) యూనివర్సిటీ కింద ఉన్న మామూలు డిగ్రీ కాలేజీ. భాష, భోజనం కొత్త, కానీ అంతా ఆట పిచ్చోళ్లే. నాకా అవకాశం వచ్చుంటే వెళ్లేదాన్ని.

ఎక్కడ చేరినా సరే, యూనివర్సిటీకి ఆడిన ప్రతి ఏడాదీ ఫారం-3 (స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి చూపించే ఇంటర్ యూనివర్సిటీ సర్టిఫికెట్) మీద స్పోర్ట్స్ డైరెక్టర్ లేదా డీన్ సంతకం అప్పటికప్పుడే చేయించి పెట్టుకోండి. అధికారులు మారాక పాత సంతకాల కోసం తిరగడం చాలా కష్టం.

అమ్మాయి ఎత్తెంత, ఏ పొజిషన్ ఆడుతుంది? అది రాస్తే ఇంకాస్త వివరంగా చెప్తాను. గార్డ్‌కి ఒకటి, సెంటర్‌కి ఇంకొకటి చెప్పాల్సి ఉంటుందండి.